బోలుమొన గుండు – వేగము

నిండు చెరువులో చేతిని మెల్లగా ముంచినచో నీరు మెత్తగా తొలగి దారి యిచ్చును. అదే చేతిని చాచి బలముగా నీటిపై చరచినచో అరచేయి చుఱ్ఱుమనును. నీరు మారలేదు, చేయి మారలేదు. మారినది వేగ మొక్కటియే. ఎత్తయిన గట్టునుండి బోర్లపడుచు నీట దూకిన కుఱ్ఱవానికి పొట్ట కందిపోవుటకు గూడ కారణ మిదియే. ఎంత మెత్తని పదార్థమైనను వేగముగా వచ్చు వస్తువునకు గట్టిదానివలె ఎదురు నిలుచును. పిస్తోళ్లయందును, రివాల్వర్లయందును వాడు ఒక విధమైన గుండు ఈ చిన్న సత్యముపైననే ఆధారపడి పనిచేయుచున్నది. దానిని బోలుమొన గుండు అందురు.

వాడుకలో తూటా, గుండు అను మాటలను ఒకే అర్థమున పలుకుట కలదు. కాని ఇత్తడి గొట్టము, దాని యడుగున నిప్పు పుట్టించు చిన్న మూత, లోపలి మందు, కొనయందలి లోహపు ముక్క – ఈ నాలుగును కలిసినది తూటా. పేలినపుడు తుపాకి గొట్టమునుండి దూసికొనిపోవు లోహపు ముక్క మాత్రమే గుండు. ఈ వ్యాసములో చర్చ యంతయు గుండును గూర్చియే.

నిర్మాణము

సాధారణమైన పిస్తోలు గుండు సీసముతో చేయబడి, పైన రాగి మిశ్రమలోహపు పలుచని తొడుగు కలిగి, కొన గుండ్రముగా నుండును. బోలుమొన గుండునకు కొనయందు చిన్న గుంట యుండును. ఇట్టి గుండు తడిగల మెత్తని పదార్థమును తాకినపుడు గుంట అంచులు వెలుపలికి ఒరగి, వెనుకకు మడిగి, గుండు పుట్టగొడుగు ఆకారమును పొందును. 9 మిల్లీమీటర్ల వ్యాసము గల గుండు ఈ విధముగా విచ్చుకొని 14, 15 మిల్లీమీటర్ల వరకు వెడల్పగుట కద్దు.

ఈ విచ్చుకొనుటవలన రెండు ఫలితములు కలుగును. గుండు చేయు గాయము వెడల్పగును. గుండునకు ఎదురగు నిరోధము పెరిగి అది లోపలనే ఆగిపోవును. రెండవ ఫలితము మొదటిదానికంటె తక్కువైనది కాదు. జనసమ్మర్దము గల వీథిలో పోలీసు కాల్చిన గుండు ఒక మనిషిలోనుండి వెలువడి, వెనుక నున్న నిరపరాధికి తగులుట సంభవము. గుండు ఎంత లోతునకు పోవలెను, ఎక్కడ ఆగవలెను అను ప్రశ్నకు ప్రాణములతో ముడి యున్నది.

డమ్‌డమ్ కథ

విచ్చుకొను గుండ్ల చరిత్రలో మన దేశమునకు గూడ చోటు కలదు. పందొమ్మిదవ శతాబ్దము చివర బ్రిటిషు సైన్యము నల్లమందును విడిచి, పొగ రాని కార్డైటును వాడ నారంభించెను. కొత్త .303 తుపాకి గుండు సన్ననిది, పూర్తిగా గట్టి తొడుగు కలది. 1895 నాటి చిత్రాల్ దండయాత్రలో ఈ గుండు సూదివలె దూరి వెలువడిపోవుచున్నదే గాని ఎదుటివానిని ఆపలేకున్నదని సైనికులు ఫిర్యాదు చేసిరి. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లోని ఆయుధ కర్మాగారమున కెప్టెన్ బెర్టీ-క్లే అను అధికారి 1896–97 ప్రాంతమున కొనయందు తొడుగును తగ్గించి, లోపలి సీసము బయటికి కనబడునట్లు చేసిన గుండును రూపొందించెను. 'డమ్‌డమ్ గుండు' అను పేరు లోకమంతట వ్యాపించినది అప్పటినుండియే.

ఇట్టి గుండ్లు చేయు గాయములను గూర్చి ఐరోపాలో గొప్ప అలజడి చెలరేగెను. 1899 జులై 29వ తేదీన హేగ్ నగరమున వెలువడిన ప్రకటన, మానవ శరీరములో సులభముగా విచ్చుకొను లేక చదునగు గుండ్లను యుద్ధములో వాడరాదని నిషేధించెను. ఈ నిషేధము దేశముల నడుమ జరుగు యుద్ధములకు సంబంధించినది. అందువలన అనేక దేశముల పోలీసులు బోలుమొన గుండ్లను వాడుచుండగా, సైన్యములు మాత్రము సాధారణముగా పూర్తి తొడుగు గల గుండ్లనే వాడుచున్నవి.

డమ్‌డమ్ గుండునకు గుంట అక్కరలేకపోయెను. కొన యందలి సీసము బయటపడుటయే చాలెను. పిస్తోలు గుండునకు గుంట ఏల కావలసి వచ్చినది? సమాధానము వేగములో నున్నది. ఆ రైఫిలు గుండు సెకనుకు సుమారు 600 మీటర్లు పోవునది. పిస్తోలు గుండు వేగము అందులో సుమారు సగము.

వేగము – పీడనము

ప్రవహించు ద్రవము ఒక అడ్డునకు ఎదురుగా తగిలి ఆగినపుడు అక్కడ కలుగు అదనపు పీడనము, ద్రవసాంద్రతలో సగమును వేగము యొక్క వర్గముచే గుణించిన వచ్చును. విమానముల వేగమును కొలుచు పిటో గొట్టము ఈ సూత్రముపైననే పనిచేయును. ద్రవము కదలి అడ్డు నిలకడగా నున్నను, అడ్డు కదలి ద్రవము నిలకడగా నున్నను లెక్క ఒక్కటియే. శరీరములోని మెత్తని కండ అధికభాగము నీరే. దాని సాంద్రత నీటి సాంద్రతకు మిక్కిలి దగ్గర. కావున నీటి సాంద్రత తీసికొని లెక్క కట్టిన, గుండు కొనయందలి పీడనము స్థూలముగా ఇట్లుండును:

వేగము సెకనుకు 200 మీటర్లయిన – సుమారు 200 వాతావరణ పీడనములు.
250 మీటర్లయిన – సుమారు 310.
300 మీటర్లయిన – సుమారు 440.
350 మీటర్లయిన – సుమారు 600.
600 మీటర్లయిన – సుమారు 1,780.

వేగము 200 నుండి 300 కు పెరిగిన, అనగా ఒకటిన్నర రెట్లయిన, పీడనము రెండుంబాతిక రెట్లగుచున్నది. రైఫిలు గుండు వేగములో సగము గల పిస్తోలు గుండునకు నాలుగవ వంతు పీడనమే లభించును. 1,780 వాతావరణముల పీడనము సీసపు కొనను నేరుగా చదును చేయగలదు. అందులో నాలుగవ వంతు పీడనముతో ఆ పని నమ్మకముగా జరుగదు. కాబట్టి ఉన్న కొద్ది పీడనమును మేలుగా వినియోగించుకొను ఉపాయము కావలెను. ఆ ఉపాయమే గుంట.

గుంట ఎట్లు పనిచేయునో చూడవలెను. గుండు తాకగానే మెత్తని పదార్థము గుంటలో నిండి అక్కడ ఆగిపోవును. అందుచే గుంటలోపల పైన చెప్పిన పూర్తి పీడనము ఏర్పడును. గుండు వెలుపలి ప్రక్కలందు పదార్థము జారిపోవుచుండును గాన అక్కడ పీడనము తక్కువ. లోపల హెచ్చు, వెలుపల తక్కువ అగుటచే గోడ బయటికి నెట్టబడును. గుండు మొన ఆవిరి బాయిలరువలె లోపలినుండి పగులుటకు సిద్ధమగును.

బాయిలరు గోడపై పడు లాగుడును లెక్కించు సూత్రము ఇంజనీర్లకు సుపరిచితము: పీడనమును వ్యాసార్ధముచే గుణించి గోడ మందముచే భాగించవలెను. గుంట వ్యాసార్ధము రెండున్నర మిల్లీమీటర్లు, గోడ మందము ఒక మిల్లీమీటరు అనుకొనిన, గోడపై లాగుడు పీడనమునకు రెండున్నర రెట్లుండును. 200 మీటర్ల వేగమున అది 500 వాతావరణములు, 300 మీటర్ల వేగమున 1,100, 350 మీటర్ల వేగమున 1,500. గుంట వెడల్పు పెరిగిన కొలదియు, గోడ పలుచనైన కొలదియు తక్కువ వేగముననే గుండు విచ్చుకొనునని దీనివలన తేలుచున్నది.

ఈ అంకెలను లోహముల బలముతో పోల్చవలెను. స్వచ్ఛమైన సీసము సుమారు 120 మొదలు 170 వాతావరణముల లాగుడునకే తెగును. మెత్తబరచిన రాగి దానికంటె పది రెట్లకు పైగా ఓర్చును. లోహములు అతివేగముగా సాగదీయబడినపుడు మరికొంత గట్టిగా ప్రవర్తించును గాన ఈ పోలిక స్థూలమైనది మాత్రమే. అయినను రెండు విషయములు దీనివలన స్పష్టమగును. తొడుగు లేని మెత్తని సీసపు బోలుమొన గుండు తక్కువ వేగముననే విచ్చుకొనగలదు. 1970 దశకమున అమెరికా పోలీసులు.38 రివాల్వర్లలో అట్టి గుండును విరివిగా వాడుటకు కారణ మిది. తొడుగు గల గుండు విచ్చుకొనవలెనన్నచో తొడుగు మొనయందు ముందుగానే గాట్లు పెట్టి బలహీనపరుప వలెను. ఆ గాట్ల వెంబడి తొడుగు చీలి రేకులుగా విడును.

మూడు దశలు

పెనుగాలిలో గొడుగు పట్టుకొని నడచువాని అనుభవము ఇచ్చట ఉపకరించును. గాలి కొంత వేగము చేరువరకు గొడుగు ఊగిసలాడునే గాని ఆకారము మార్చుకొనదు. ఒక హద్దు దాటగానే ఒక్క ఊపున వెనుకకు తిరగబడును. బోలుమొన గుండునకు గూడ అట్టి హద్దు కలదు. దాని వేగమును బట్టి మూడు దశలు చెప్పవచ్చును.

మొదటిది హద్దునకు లోబడిన వేగము. ఇందు గుంట అంచులు కొద్దిగా మొద్దుబారునేమో గాని విచ్చుకొనవు. బోలుమొన గుండు సాధారణమైన గుండ్రని గుండువలెనే ప్రవర్తించి చాల లోతుగా పోవును. శరీరము దాటి వెలువడుటయు కలదు. రెండవది, గుండు చేసినవారు ఉద్దేశించిన వేగము. ఇందు రేకులు క్రమముగా విడివడి, సీసముతో అంటిపెట్టుకొనియుండి, పుట్టగొడుగు ఆకారము చక్కగా ఏర్పడును. ఈ మార్పంతయు మొదటి కొద్ది సెంటిమీటర్లలోనే ముగియును. సెకనుకు 300 మీటర్లు పోవు గుండు మూడు సెంటిమీటర్లు దాటుటకు పట్టు కాలము సెకనులో పదివేలవ వంతు. మూడవది మితిమీరిన వేగము. ఇందు రేకులు పూర్తిగా వెనుకకు మడిగి గుండు ప్రక్కలకు అంటుకొనుటవలన వెడల్పు మరల తగ్గవచ్చును. లేదా రేకులు తెగి, సీసము తునకలై, గుండు బరువు తగ్గిపోవచ్చును.

కావున 'వేగము పెరిగినకొలది గుండు మేలు' అను భావము సరికాదు. ప్రతి గుండును ఒక వేగముల పరిధికి తగినట్లు చేయబడును. ఆ పరిధిలో నున్నపుడే అది చెప్పినట్లు వినును.

వేగము పెరిగిన లోతు తగ్గునా?

విద్యార్థులకు వింతగా తోచు విషయ మొకటి కలదు. విచ్చుకొనని గుండు విషయమున వేగము పెరిగిన లోతు పెరుగును. విచ్చుకొను గుండు విషయమున వేగము పెరిగినపుడు లోతు తగ్గుట కద్దు. కారణము వైశాల్యము.

గుండునకు ఎదురగు నిరోధము దాని ముఖవైశాల్యమునకు అనులోమానుపాతములో నుండును. 9 మిల్లీమీటర్ల గుండు 15 మిల్లీమీటర్లకు విచ్చుకొనినచో వ్యాసము 1.67 రెట్లగును, వైశాల్యము దాని వర్గము, అనగా సుమారు 2.8 రెట్లు. బరువు మారలేదు. అదే బరువును ఆపుటకు నిరోధము 2.8 రెట్లు హెచ్చినది. కావున తక్కిన విషయములు సమానములైన, వేగము ఒక నిర్ణీత భాగమునకు తగ్గుటకు పట్టు దూరము 2.8 వంతులలో ఒక వంతగును. గుండ్రని కొన పదార్థమును ప్రక్కలకు తొలగించుకొని జారునది, చదునైన పుట్టగొడుగు ఎదురు నిలుచునది; అందుచే నిజమైన తేడా ఇంతకంటె ఎక్కువగా నుండును.

వేగము పెరిగిన గుండునకు గతిశక్తి హెచ్చినమాట నిజమే. కాని ఆ వేగమే గుండును ముందుగా, వెడల్పుగా విచ్చుకొనునట్లు చేసి నిరోధమును గూడ పెంచుచున్నది. రెండింటి పోటీలో నిరోధము గెలిచినచో లోతు తగ్గును. లోతు పోగొట్టుకొనకుండ వెడల్పు కావలెనన్నచో బరువు పెంచవలెను. ఒక వ్యాసమునకు బరువైన గుండు తన వేగమును నిలుపుకొనును. బరువు, వేగము, వెడల్పు, లోతు – ఒకదానిని మార్చిన తక్కినవి కదలక మానవు.

మయామీ పాఠము

ఈ సత్యమును అమెరికా పోలీసులు రక్తము చెల్లించి నేర్చుకొనిరి. 1986 ఏప్రిల్ 11వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రమునందలి మయామీ ప్రాంతమున బ్యాంకుల దోపిడీలు చేయుచున్న ఇద్దరు సాయుధులను ఎఫ్.బి.ఐ. అధికారులు ఎనిమిదిమంది అడ్డగించిరి. కొద్ది నిమిషముల కాల్పులలో ఇద్దరు అధికారులు మరణించిరి, ఐదుగురు గాయపడిరి, దుండగు లిద్దరును చనిపోయిరి. విచారణలో తేలిన ఒక విషయము నిపుణులను ఆలోచింపజేసెను. పోరాటము తొలిభాగముననే ఒక అధికారి కాల్చిన 9 మిల్లీమీటర్ల బోలుమొన గుండు ఒక దుండగుని కుడిచేతి కండనుండి దూరి, ఛాతీలో ప్రవేశించి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకాయకు సుమారు ఒక అంగుళము దూరమున ఆగిపోయెను. అతడు ఆ గాయముతోనే పోరాటము సాగించెను. అధికారుల మరణము అటు తరువాత జరిగినది.

ఆ గుండు లోపము గలది కాదు. సుమారు ఏడున్నర గ్రాముల తేలికైన గుండు అది; వేగముగా పోయి త్వరగా విచ్చుకొనుటకే చేయబడినది. విచ్చుకొనెను. కాని చేయి దాటి ఛాతీ లోపలికి పోవలసివచ్చినపుడు లోతు చాలకపోయెను.

తరువాత ఎఫ్.బి.ఐ. వారు గాయశాస్త్ర నిపుణులను పిలిపించి చర్చించిరి. వారిలో ముఖ్యుడు అమెరికా సైన్యమునందలి శస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్. పిస్తోలు గుండు వేగమున శరీరము ఒక్క క్షణము ఉబ్బి మరల యథాస్థితికి వచ్చుననియు, నిలిచియుండు హాని గుండు స్వయముగా నలిపిన దారియే యనియు, ఆ దారి ప్రాణాధారమగు అవయవమును చేరనిచో ఎంత గతిశక్తి యున్నను ప్రయోజనము లేదనియు ఆయన వాదము. దాని ఫలితముగా గుండు కనీసము 12 అంగుళములు, అనగా 30 సెంటిమీటర్లు పోవలెననియు, 18 అంగుళములు మించుట అనవసరమనియు ఎఫ్.బి.ఐ. ప్రమాణము నిర్ణయించెను.

వారు మొదట ఎన్నుకొనిన 10 మిల్లీమీటర్ల తూటా చరిత్ర గూడ బోధప్రదము. పూర్తి వేగముతో కాల్చిన దాని వెనుకతన్ను చాలమందికి దుర్భరమయ్యెను. సుమారు 11.7 గ్రాముల గుండును సెకనుకు సుమారు 290 మీటర్ల వేగమునకు తగ్గించి కాల్చి చూడగా, కావలసిన లోతును, వెడల్పును రెండును లభించినవి. వేగము తగ్గించుటవలన పోయిన దేమియు లేకపోయెను. 2010 దశకములో, గుండ్ల నిర్మాణము మెరుగైన తరువాత, ఎఫ్.బి.ఐ. మరల 9 మిల్లీమీటర్లకే తిరిగివచ్చినది.

పరీక్షించు విధము

గుండ్లను పరీక్షించుటకు జెలటిను దిమ్మలను వాడుదురు. పశువుల చర్మము, ఎముకలనుండి తీసిన ఈ పదార్థమును ఒక వంతునకు తొమ్మిది వంతుల నీటితో కలిపి, దిమ్మగా పోసి, 4 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఉంచుదురు. దిమ్మ సరిగా కుదిరినదో లేదో తెలియుటకు 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని సెకనుకు సుమారు 180 మీటర్ల వేగమున కొట్టుదురు. గోళీ ఎనిమిదిన్నర సెంటిమీటర్ల ప్రాంతమున, ఒక సెంటిమీటరు అటు ఇటుగా ఆగవలెను. ఆగనిచో ఆ దిమ్మపై చేసిన పరీక్ష లెక్కకు రాదు. కొలుచు సాధనమునే ముందు కొలిచి చూచుట ప్రయోగశాస్త్రమునకు ప్రాణము.

జెలటిను మనిషి కాదు. అందు ఎముక లేదు, చర్మము లేదు. అయినను అది అంతటను ఒకే తీరుగా నుండుటచే గుండ్లను ఒకదానితో ఒకటి పోల్చుటకు వీలగును.

ఖాళీ దిమ్మలో చక్కగా విచ్చుకొనిన గుండు, దిమ్మ ముందు మందమైన వస్త్రముల మడత వ్రేలాడదీసినపుడు విచ్చుకొనకపోవుట పరీక్షలలో కనబడెను. కారణము సులభమే. గుంట నోరు వస్త్రమునుండి ఒక బిళ్లను కోసికొని పోవును. నూలుపోగులు గుంటలో కూరుకొని బిరడావలె నిలుచును. ద్రవపదార్థము లోపలికి చేరదు. పీడనము పుట్టవలసిన చోట పుట్టదు. గోడపలకలు, చెక్క దాటినపుడు గూడ ఇట్లే జరుగవచ్చును. అందుచే ఎఫ్.బి.ఐ. పరీక్షలలో దిమ్మ ముందు వస్త్రములు, గోడపలక, చెక్క, ఉక్కురేకు, కారు అద్దము ఉంచి కాల్చి చూచుదురు. కొన్ని కొత్త గుండ్లలో గుంటను మెత్తని ప్లాస్టికుతో ముందే నింపుదురు. వస్త్రము లోనికి పోజాలదు, తాకినపుడు ఆ ప్లాస్టికే ఒత్తుకొని గోడను బయటికి నెట్టును.

వేగము ఎందుచే మారును?

ఒకే తూటా అన్ని తుపాకులలో ఒకే వేగము నీయదు. మందు మండి పుట్టిన వాయువులు గుండును గొట్టములో నున్నంతవరకే నెట్టగలవు. గొట్టము పొట్టిదైన నెట్టు దూరము తగ్గి, గుండు తక్కువ వేగముతో వెలువడును. జేబులో పట్టు చిన్న రివాల్వరునుండి వెలువడిన బోలుమొన గుండు తరచుగా విచ్చుకొనకపోవుటకు కారణ మిది: పెద్ద తుపాకిలో హద్దునకు పైన నున్న వేగము చిన్న తుపాకిలో హద్దునకు దిగువ పడినది. దూరము పోయినకొలది గాలి నిరోధముచే గుండు వేగము తగ్గును గాన దూరము గూడ లెక్కలోనికి వచ్చును. ఆధునిక గుండ్లు చేయువారి ప్రయత్నమంతయు ఈ హద్దును క్రిందికి దించుటకును, పై హద్దును మీదికి జరుపుటకును, అనగా విచ్చుకొను వేగముల పరిధిని విశాలము చేయుటకే.

పాఠశాలలో

ఉపాధ్యాయులు ఈ విషయమును బోధించుటకు తుపాకి అవసరము లేదు. గొడుగు, నీటితొట్టి, వర్గముల పట్టిక చాలును. నిరోధము వేగవర్గమును అనుసరించునని, వైశాల్యము వ్యాసవర్గమును అనుసరించునని తెలిసిన విద్యార్థి పై లెక్కలన్నియు స్వయముగా చేయగలడు. గుండు 250 మీటర్ల వేగమున గోడపై ఎంత లాగుడు కలిగించును? వ్యాసము 9 నుండి 14 మిల్లీమీటర్లకు పెరిగిన వైశాల్యము ఎన్ని రెట్లగును? మొదటిదానికి సుమారు 770 వాతావరణములు, రెండవదానికి సుమారు 2.4 రెట్లు అని సమాధానములు వచ్చును.

హేగ్ ప్రకటన వెలువడి నూరేండ్లు దాటినది. 1998 నాటి రోము ఒడంబడిక ప్రకారము దేశముల నడుమ యుద్ధములో ఇట్టి గుండ్లను వాడుట యుద్ధనేరము. యుద్ధభూమిలో నిషేధింపబడిన వస్తువును నగరవీథిలో, వెనుక నున్నవాని రక్షణ పేరిట, పోలీసులు వాడుట వింతగా తోచవచ్చును. ఆ వాదము నిలుచుటయు, కూలుటయు గుండు నిజముగా విచ్చుకొని ఆగునా లేదా అను దానిపై నున్నది. ఆ ప్రశ్నకు జవాబు గుండు పెట్టెపై వ్రాసిన పేరులో లేదు. అది తాకిన క్షణమున గుండునకు మిగిలియున్న వేగములో నున్నది.